టోపీ సింగరయ్య ముప్పై అయిదో చావు

మా సింగరయ్య బాబాయ్ ముప్పై నాలుగు సినిమాల్లో చచ్చిపోయాడు. గుర్రం మీంచి పడి చచ్చాడు, కొండ మీంచి దొర్లి చచ్చాడు, సారా కొట్టు మేడ మీంచి కిందున్న బల్ల మీద పడి బల్లతో సహా చచ్చాడు. ఒక్కదాంట్లో కూడా ఇంటర్వెల్ దాటి బతకలేదు. ముప్పై అయిదో దాంట్లో ఏం జరిగిందో చెబుదామని కూర్చున్నాను. అసలు సంగతి ముందే చెప్పేయాలని నోరు దురద పెడుతోంది. కానీ పంచె కట్టకుండా కిరీటం పెట్టకూడదని మా నాన్న అంటూండేవాడు. అందుకని మొదటి నుంచే చెబుతాను.

నా పేరు ఉమామహేశ్వరి. తెనాలిలో మాది డ్రస్ కంపెనీ. అంటే నాటకాలకి కిరీటాలు, గదలు, విగ్గులు, మీసాలు అద్దెకిచ్చే కొట్టు. మా నాన్న శివరామయ్య పెట్టాడు, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఈ రోజుల్లో నాటకాల సామాను ఎవరు తీసుకుంటారండీ అని అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఎవరూ తీసుకోకపోతే నేనేం తిని బతుకుతున్నాను? స్కూలు యానివర్సరీలున్నాయి, ఫోటో షూట్లున్నాయి, యూట్యూబు వాళ్లున్నారు. మొన్నామధ్య ఒక పెళ్లికొడుకు యముడి వేషంలో మండపానికి వెళతానని కిరీటం, పాశం పట్టుకెళ్లాడు. వాడి ఖర్మ, వాడి పెళ్లాం ఖర్మ.

ఈ కొట్టు వెనక గదిలో తోలు పని చేసేది సింగరయ్య బాబాయ్. వారానికి మూడు రోజులు రేపల్లె నుంచి పొద్దున్న పాసింజర్లో వస్తాడు. బెల్టులు, బూట్లు, కొరడాలు, కత్తుల ఒరలు, అన్నీ ఆయన చేతిలోవే. మాకు చుట్టమేమీ కాదు, మా నాన్నకి స్నేహితుడు. డెబ్బై నాలుగేళ్లొచ్చినా నిటారుగా నడుస్తాడు. నెత్తిన గోధుమరంగు టోపీ, అంచులు పైకి మడిచి ఉంటాయి. అది పెట్టుకోకుండా కూరగాయలకి కూడా వెళ్లడు. రేపల్లెలో సింగరయ్య అంటే ఏ సింగరయ్య అంటారు, టోపీ సింగరయ్య అంటే ఇల్లు చూపిస్తారు. టోపీ తన నెత్తికి పెట్టుకున్నాడే గానీ, ఇంకొకరికి పెట్టిన మనిషి కాదు.

ఆయన పుట్టింది నిజాంపట్నం దగ్గర పల్లెపాలెంలో. నాన్నకి పడవ ఉండేది. పిల్లాడికి పిల్లికళ్లు. నల్లటి మొహంలో ఆ రెండు తేనెరంగు కళ్లు చూసి పక్కింటి పిల్లలు జడుసుకునేవాళ్లట. ఆయనకి చిన్నప్పటి నుంచీ ఒకటే ఆట. తెరచాప కొయ్య చివరికంటా ఎక్కి, అక్కణ్ణుంచి ఇసకలోకి పడటం. దూకడం కాదు, పడటం. పడి, దొర్లి, చొక్కా దులుపుకుని మళ్లీ ఎక్కేవాడు. ఇది బువ్వ పెట్టే విద్యేనా అని వాళ్లమ్మ తిట్టేది.

పెట్టింది. డెబ్బై రెండులో, ఇరవై రెండేళ్ల వయసులో, పడవ పని కోసం మద్రాసు వెళ్లాడు. ఒక మధ్యాహ్నం రేవు పక్కన షూటింగ్ జరుగుతోంది. ఈయన అలవాటు కొద్దీ కొయ్య మీంచి కింద పడ్డాడు. అది చూసి ఫైట్ మాస్టర్ పరిగెత్తుకొచ్చాడు, మనిషి పోయాడనుకుని. పోలేదని తెలిశాక అడిగాడు.

"గుర్రం ఎక్కడం వచ్చా?"

"పడటం వచ్చండి."

"ఎక్కకుండా ఎట్లా పడతావ్?"

"తమరు ఎక్కించండి, పడటం నేను చూసుకుంటా."

ఆ రోజుల్లో మనవాళ్లకి కౌబాయ్ సినిమాల పిచ్చి పట్టుకుంది. ఎక్కడో అమెరికా ఎడారి, తోలు చొక్కాలు, నడుముకి రెండేసి తుపాకులు, గుర్రం దిగి అచ్చ తెలుగులో తిట్టుకోవడం. దొంగల ముఠా లేని సినిమా లేదు, ముఠాలో పిల్లికళ్లవాడు లేని సినిమా లేదు. బాబాయ్‌కి చేతినిండా చావులే. మొదటి సినిమా మధ్యలో సెలవు మీద వచ్చి, చినిగిపోయిన టోపీ మా నాన్న దగ్గరే బాగు చేయించుకున్నాడు. అప్పటి నుంచీ వాళ్లిద్దరికీ స్నేహం.

మొహం పులి, గొంతు మేక. ఈ మాటన్నది నేను కాదు, ఆయన మొదటి డైరెక్టరు. బాబాయ్ గొంతు సన్నగా, పైకి ఉంటుంది. నడిసముద్రంలో పడవ నుంచి పడవకి కేకేసి పెరిగిన గొంతు అది. విలన్ మొహంలోంచి ఆ గొంతు వినగానే షూటింగ్ అంతా నవ్విందట. అసిస్టెంటు డైరెక్టరొకాయన దగ్గరికొచ్చి, "నువ్వు మాట్లాడకయ్యా. ఊరికే నోరు కదుపు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకో. డబ్బింగులో మంచి గొంతు పెట్టించుకుంటాం" అన్నాడు. ఆయనకి అది చిన్న సలహా. మా బాబాయ్‌కి మాత్రం పద్నాలుగేళ్ల నటన అంతా ఆ సలహాయే.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వైపు ధాన్యం కొలిచేవాళ్లయినా, చేపలు లెక్కపెట్టేవాళ్లయినా మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా వెళుతుంది. పాలెంలో ఒడ్డున చేపలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుంటారు. ఒకరు చేప విసురుతూ అంకె పలుకుతారు, బుట్ట పట్టుకున్నవాళ్లు అదే అంకె తిరిగి పలుకుతారు. పదికి ఒక లెక్క. మొదలుపెట్టిన లెక్క పది దాకా వెళ్లాలి, మధ్యలో ఆపితే గంగమ్మకి కోపం వస్తుందని వాళ్లమ్మ చెప్పేది. ఆవిడ చెప్పినవాటిలో బాబాయ్ పాటించింది ఇదొక్కటే.

కాబట్టి కెమెరా తిరగగానే మా విలన్ తుపాకీ ఎత్తి, పళ్లు కొరికి, పిల్లికళ్లు ఎర్రజేసి, పరమ కర్కశంగా "లాభం" అనేవాడు. రెండు, మూడు, నాలుగు అంటూ హీరో మీదికి నడిచేవాడు. ఏ అయిదు దగ్గరో ఆరు దగ్గరో హీరో కాల్చేసేవాడు. బాబాయ్ గుర్రం మీంచి పడేవాడు. పడి, చచ్చి, లెక్క పూర్తి చేసేవాడు. గంగమ్మ కోపం సంగతి హీరోకి తెలియదు గదా. "శవం వాగుతోందయ్యా" అని కెమెరామెన్ అరిచేవాడట. ఎన్నిసార్లు చెప్పినా పెదాలు ఆగేవి కావు. చివరికి ఎడిటరే మొహం దగ్గర కత్తిరించి బూట్లు చూపించేవాడు. కొన్నింట్లో కత్తిరించడం మరిచిపోయారు కూడా.

అలా మరిచిపోయిన సినిమా ఒకటి డెబ్బై నాలుగులో రేపల్లెలో ఆడింది. పాలెం ఆడవాళ్లు బండి కట్టుకుని వెళ్లారు. వాళ్లలో గంగరత్నం అనే పద్దెనిమిదేళ్ల పిల్ల ఉంది. అలల హోరులో మాట వినపడదు గనక పాలెం వాళ్లకి పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటు, ఈ పిల్లకి మరీను. తెర మీద పిల్లికళ్ల దొంగ "నీ ప్రాణాలు తోడేస్తా" అని ఎవరిదో బొంగురు గొంతుతో అంటున్నాడు. పెదాలు మాత్రం లాభం, రెండు, మూడు అంటున్నాయి. జనమంతా బిగుసుకుపోయి చూస్తుంటే ఈ పిల్ల పగలబడి నవ్వింది. దొంగ చచ్చాక ఇసకలో పడి ఏడు, ఎనిమిది అంటుంటే ఆపుకోలేక బయటికి పరిగెత్తింది. మర్నాడు సింగరయ్య వాళ్లమ్మ దగ్గరికెళ్లి, "అత్తా, మీవోడు సినిమాలో చేపలు లెక్కెడతన్నాడు" అని చెప్పింది.

సెలవుకి ఇంటికొచ్చిన బాబాయ్ ఈ సంగతి విని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మద్రాసులో ఇంతమంది పెద్దవాళ్లు కనిపెట్టలేనిది కనిపెట్టిన పిల్ల ఎవరా అని. మూడు నెలల్లో పెళ్లయిపోయింది.

ఎనభై ఆరు నాటికి గుర్రాల సినిమాల మోజు తీరిపోయింది. ఆయన టోపీ ఒక్కటి పట్టుకుని వచ్చేశాడు. మద్రాసులో ఏమీ మిగల్లేదని ఏడ్చిన మనిషి కాదు. గంగరత్నం పిన్ని రేపల్లె మార్కెట్లో చేపలమ్మేది. పొద్దున్నే పాలెం ఒడ్డున ఆయన చేప విసిరేవాడు, ఆమె బుట్ట పట్టేది. లాభం అంటే లాభం, రెండు అంటే రెండు. పది కాగానే పిన్ని "సరిపోయింది, బుట్టెత్తు" అనేది, ఆయన ఎత్తి ఆమె నెత్తిన పెట్టేవాడు. ఇరవై ఏళ్లు అదే పాట. తర్వాత ఆయన మోకాళ్లు మొరాయించి మా కొట్టుకి వచ్చాడు.

ఆరేళ్ల కిందట పిన్నికి కళ్లు పోయాయి. నీటికాసులు అన్నారు. ఆలస్యంగా తెలిసింది, ఇక చూపు రాదని చెప్పారు. ఆమె గుండె గట్టిది, ఇంట్లో గోడ పట్టుకోకుండా తిరుగుతుంది, పులుసు పెడితే ఉప్పు చిటికెడు అటూ ఇటూ అవదు. కానీ ఒక ఆదివారం టీవీలో బాబాయ్ పాత సినిమా వచ్చింది. ఆయన ఉత్సాహంగా సౌండు పెంచి ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. తెర మీద పిల్లికళ్ల దొంగ, ఎవరిదో బొంగురు గొంతు. పిన్ని కాసేపు విని, "కట్టెయ్యవయ్యా" అంది. "ఇదివరకు ఆ గొంతు ఎవడిదైనా, మూతి నీది గదా. చూసి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు మూతి కనపడదు. నీ సినిమాలో నువ్వు లేవు."

ఆయన టీవీ కట్టేసి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ముప్పై నాలుగుసార్లు చచ్చినవాడికి ఆ రోజు నిజంగా తగిలింది. ఆ తర్వాత రెండు వారాలు కొట్టుకి రాలేదు. నాకు ఎంత ఏడుపొచ్చిందో, అంత కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

పోయినేడాది మాఘమాసంలో మా కొట్టుకి సాయిసుధ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. జంపని దగ్గర వ్యవసాయం వాళ్ల పిల్ల, హైదరాబాదులో డైరెక్షన్ నేర్చుకుని మొదటి సినిమా తీస్తోంది. బాపట్ల దగ్గర సూర్యలంక ఇసక దిబ్బల్లో కౌబాయ్ సినిమా అంది. సముద్రం పక్కన కౌబాయ్‌లేంటని నేనూ అడిగాను. ఈ ఊళ్లో గుర్రాలెక్కితే తప్పేంటి ఆంటీ అంది. ఆంటీ అన్నందుకు అద్దె పెంచేద్దామనుకుంటుండగా వెనక గదిలోంచి బాబాయ్ బూటు పాలిష్ చేస్తూ బయటికొచ్చాడు. ఆ పిల్ల ఆయన కళ్లు చూసింది. టోపీ చూసింది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

"తాతయ్యగారూ, మీరు... గుర్రం మీంచి పడేవారు కదా?"

అంతే. ముఠా నాయకుడి వేషం ఖాయమైపోయింది. అది విని నేను కొట్లోనే చప్పట్లు కొట్టాను, ఎదురు కొట్టువాడు ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. కానీ బాబాయ్ మొహంలో నవ్వు లేదు. ఒక్కటే అడిగాడు.

"గొంతు ఎవరిదమ్మా?"

"అక్కడికక్కడే సౌండు తీస్తున్నామండీ. మీ గొంతే."

ఆయన పాలిష్ గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. మొహమంతా నల్లరంగు అయింది, ఎవరమూ చెప్పలేదు. ఆ సాయంత్రం రేపల్లె వెళ్లి పిన్నితో చెప్పాడు. ఆమె అన్న మాట నాకు ఫోన్లో ఆయనే చెప్పాడు. "వినపడితే అప్పుడు చూద్దాంలే" అందట. నమ్మలేదు పాపం. ఇన్నాళ్ల తర్వాత ఎందుకు నమ్ముతుంది?

డైలాగు మూడు వాక్యాలు. "ఈ గడ్డ మీద గాలి కూడా నన్నడిగే వీస్తుంది. నువ్వెంత? పెట్టె ఎక్కడుందో చెప్పు." ఇరవై రోజులు బట్టీ పట్టాడు. పాసింజర్లో పక్కనున్న పల్లీలమ్మే ఆమెని పెట్టె ఎక్కడుందని అడిగాడు. ఆమె భయపడి తర్వాత స్టేషన్లో దిగిపోయింది. ఘోరమేంటంటే, ఆయన ఆ డైలాగు తన గొంతుతో చెప్పడం లేదు. పాత సినిమాల్లో తన మొహానికి అతికించిన ఆ బొంగురు గొంతుని అనుకరిస్తున్నాడు. కడుపులోంచి, మెడ నరాలు పొంగేట్టు. నీ గొంతుతో చెప్పు బాబాయ్ అంటే వినడు. "విలన్‌కి మేక గొంతేంటమ్మా, నవ్వుతారు" అంటాడు. యాభై ఏళ్ల కిందటి నవ్వు చెవిలో ఇంకా ఉంది.

షూటింగ్‌కి సామాను తీసుకుని నేనూ వెళ్లాను. చెరుకుపల్లి మీదుగా బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక. సరుగుడు తోటల వెనక ఇసక దిబ్బ. హీరోని ఒక దుంగకి కట్టేశారు. బాబాయ్ దిబ్బ మీద నిలబడ్డాడు, తోలు కోటు, టోపీ, నడుముకి నేను కట్టిన బెల్టు. గుర్రం మీంచి పడతానని పట్టుబట్టాడు. వయసు చూసుకో అని అందరి ముందూ అరిచాను. సాయిసుధ కూడా కాళ్లా వేళ్లా పడింది. చివరికి దిబ్బ మీంచి దొర్లడానికి ఒప్పుకున్నాడు.

మొదటి టేకు. బాబాయ్ కడుపులోంచి గొంతు లాగి డైలాగు చెప్పాడు. నాకు బ్రహ్మాండంగా ఉంది. సౌండు చూసే రోహిత్ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి, "అలలు తప్ప ఏమీ లేవండీ" అన్నాడు. మైకు మార్చారు, కోటు లోపల పెట్టారు, కాలరు కింద పెట్టారు. రెండో టేకు, మూడో టేకు. ఆ బరువు గొంతు అలల హోరులో కలిసిపోతోంది. గాలి పెరుగుతోంది, ఎండ వాలుతోంది. రోహిత్ మంచి కుర్రాడే, చెడు ఉద్దేశంతో అన్నది కాదు.

"వదిలేయండి మేడమ్. నోరు కదిపితే చాలు. డబ్బింగులో మంచి గొంతు పెట్టించుకుందాం."

యాభై ఏళ్ల కిందట ఆ అసిస్టెంటు డైరెక్టరు అన్న మాటే. బాబాయ్ టోపీ తీశాడు. దాని లోపలికి చూస్తూ నిలబడ్డాడు. నాకు అక్కడే ఆ మైకు పట్టుకుని నేలకేసి కొట్టాలనిపించింది. ఆయన టోపీ మళ్లీ పెట్టుకుని, "డైరెక్టరమ్మా, ఇంకొక్కసారి" అన్నాడు. సాయిసుధ సూర్యుడి వంక చూసుకుని సరేనంది. ఇదే ఆఖరు అని అందరికీ తెలుసు.

కెమెరా తిరిగింది. బాబాయ్ తుపాకీ ఎత్తాడు. పళ్లు కొరికాడు. పిల్లికళ్లు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు.

"లాభం."

హీరో తల తిప్పి డైరెక్టరు వంక చూడబోయి ఆగిపోయాడు. బాబాయ్‌కి ఏమీ తెలియదు. ఆయన డైలాగు చెబుతున్నాననే అనుకుంటున్నాడు. ఒక్కో అడుగూ వేస్తూ వస్తున్నాడు. "రెండు." అడుగు. "మూడు." అడుగు. ఆ సన్నటి గొంతు, నవ్వుతారని దాచుకున్న గొంతు, అలల మీంచి వచ్చి మా చెవుల్లో పడుతోంది. దుంగకి కట్టేసిన హీరో నిజంగా వెనక్కి నక్కాడు. నేను దుకాణంలో రోజూ వినే గొంతే, అయినా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఏడు దగ్గర సరుగుడు తోటలోంచి హీరో తరఫువాళ్ల తుపాకీ పేలింది. బాబాయ్ పడ్డాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి దిబ్బ మీంచి ఇరవైరెండేళ్ల కుర్రాడిలా దొర్లి, బోర్లా పడి, మొహం ఇసకలో పెట్టి కదలకుండా చచ్చాడు.

అందరమూ దిబ్బ కిందికి చూస్తున్నాం. ఇసకలోంచి వినపడింది.

"ఎనిమిది... తొమ్మిది... పది."

కట్ చెప్పడం డైరెక్టరు మరిచిపోయింది. బాబాయ్ తనంతట తనే లేచి, కోటు దులుపుకుని, మా మొహాలు చూశాడు. చూడగానే అర్థమైంది.

"లెక్కెట్టానా?"

హీరో దుంగ దగ్గర నుంచే తలూపాడు.

"ఎట్టేశాను. యాభై ఏళ్ల రోగం తల్లీ, కెమెరా చూస్తే వస్తది. మీ కుర్రాడన్నట్టే చెయ్యండి. డబ్బింగు పెట్టించండి." ఇంటికెళ్లి పిన్నికేం చెప్పాలో ఆయనకి తెలియలేదు.

రోహిత్ హెడ్‌ఫోన్లు తీయలేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. వచ్చి ఏమీ అనకుండా సాయిసుధ చెవులకి తగిలించాడు. "ప్రతి అంకె విడివిడిగా ఉంది మేడమ్. అలల్ని దాటి వస్తోంది. ఇట్లాంటి గొంతు నేనింతవరకు వినలేదు" అన్నాడు. వినడమేంటి నాయనా, అది సముద్రాన్ని దాటి వినపడటం కోసమే తయారైన గొంతు.

సాయిసుధ డైలాగు కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "మా తాతయ్య కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు లాభం అనే మొదలుపెట్టేవారు. మీ నోట వింటే భయమేస్తోంది తాతయ్యగారూ. డైలాగు వద్దు. ఇదే ఉంచుతాను."

"ఇరవై రోజులు బట్టీ పట్టానమ్మా," అన్నాడు బాబాయ్, పెద్ద అన్యాయం జరిగినట్టు.

అందరం నవ్వాం. కానీ ఆ పిల్ల నిజాయితీగల పిల్ల. వెళ్లేటప్పుడు ఒక మాట చెప్పింది. "నాకు పైన ప్రొడ్యూసర్లున్నారండీ. చచ్చినవాడు లెక్కపెట్టడమేంటి అంటారు. గొంతు కూడా మార్చమంటారేమో. పోరాడతాను గానీ, మాటివ్వలేను."

అందుకే ఆయన పిన్నికి ఏమీ చెప్పలేదు. నన్నూ చెప్పొద్దన్నాడు. ఎనిమిది నెలలు నోరు కట్టుకోవడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు.

మొన్న శుక్రవారం సినిమా విడుదలైంది. రేపల్లెలో మార్నింగ్ షో. పాలెం నుంచి ఎనిమిది ఆటోల జనం దిగారు. పేర్లలో 'సింగరయ్య' అని పడగానే ఈలలు. ముప్పై నాలుగు సినిమాల్లో ఎక్కడా పడని పేరు. అక్కడే నా ఏడుపు మొదలైంది, కర్చీఫు తడిసిపోయింది. ఒక పక్క నేను, మధ్యలో బాబాయ్, అటు పిన్ని. తెర మీద ఏం జరుగుతోందో ఆయన ఆమె చెవిలో చెబుతున్నాడు. గుర్రాలొచ్చాయి. ఇప్పుడు ఇసక. ఇప్పుడు నేను. ఇంటర్వెల్ అయింది, బాబాయ్ ఇంకా బతికే ఉన్నాడు. అదే ఒక వింత అని వెనక ఎవరో అన్నారు.

దిబ్బ సీను వచ్చింది. బాబాయ్ చెప్పడం ఆపేశాడు. ఆయన చెయ్యి నా మణికట్టు పట్టుకుంది, బిగించింది. తెర మీద తుపాకీ లేచింది. నోరు తెరుచుకుంది. ఏ గొంతు వస్తుందో నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు.

"లాభం."

ఆయనదే. హాలు నిండా ఆయన గొంతే.

పిన్ని కుర్చీలో ముందుకి వంగింది. చెయ్యి చాచి పక్కనున్న మొగుడి మొహం తడిమింది, వేళ్లు పెదాల మీద పెట్టింది. ఆ పెదాలు కదులుతున్నాయి. తెర మీద మనిషి రెండు అన్నాడు. పిన్ని పైకే "రెండు" అంది, ఒడ్డున బుట్ట పట్టుకున్నప్పటి గొంతుతో. మూడుకి వెనక వరసలో ముసలమ్మలు కలిశారు. నాలుగుకి పాలెం మొత్తం కలిసింది. అయిదు, ఆరు. తెర మీద ఆయన విసురుతున్నాడు, హాలంతా బుట్ట పట్టుకుంటోంది. ఏడు దగ్గర తుపాకీ పేలింది, బాబాయ్ పడిపోయాడు, హాలు ఒక్కసారిగా నోరు మూసుకుంది.

ఆ నిశ్శబ్దంలో పిన్ని ఒక్కతే తల వంచి ఎదురుచూస్తోంది. మిగతావాళ్లందరికీ ఆయన చచ్చిపోయాడు.

"ఎనిమిది... తొమ్మిది... పది."

పిన్ని వేళ్లు ఇంకా ఆయన పెదాల మీదే ఉన్నాయి. అవి ఆగేదాకా తీయలేదు.

"సరిపోయింది," అంది. "బుట్టెత్తు."